పాముల ఆహార మార్పిడి

బంధనంలో ఉన్న పాము తన జాతికి సహజమైన ఆహారాన్నో, పుట్టినప్పటి నుంచి తనకు అలవాటైన ఆహారాన్నో మాత్రమే కోరి, పెంచేవారు సమకూర్చగలిగిన మరో జీవిని ముట్టకుండా ఉపవాసం ఉన్నప్పుడు, దానిచేత ఆ రెండవ ఆహారాన్ని మెల్లమెల్లగా తినిపించే పద్ధతులన్నిటినీ కలిపి ఆహార మార్పిడి అంటారు. కప్పలు తినే పామును ఎలుకకు, బల్లులు తినే పాముపిల్లను బొచ్చు రాని ఎలుకపిల్లకు, ప్రాణంతో కదిలే ఎలుకను మాత్రమే పట్టే పామును చంపి గడ్డకట్టించి కరిగించిన ఎలుకకు, తోటి పాములను తినే గిరినాగును చివరికి ఎలుకకు మళ్ళించడం దీనిలోని ముఖ్యమైన రకాలు. పాశ్చాత్య దేశాల్లో ఇది పాములను ముచ్చటకు పెంచేవారి నిత్య సమస్య. భారతదేశంలో స్వదేశీ పామును ఇంట్లో పెంచడమే నేరం కనుక, ఇక్కడ ఇది ప్రధానంగా జంతుప్రదర్శనశాలల, రక్షణ కేంద్రాల, విషం సేకరించే సర్పశాలల సమస్య. ఆ తరువాతే విదేశీ పాములు పెంచేవారి సమస్య. పాము మొండికేసి తినడం లేదని సాధారణంగా అంటుంటారు గాని, ఆ మాటలో నిజం తక్కువ. వాసన చెప్పినదాన్నే పాము ఆహారంగా గుర్తిస్తుంది. ఎదుట పెట్టిన జీవి ఆ వాసన లెక్కలోకి రానప్పుడు అది పాముకు ఆహారంగా తోచదు.

పాలు, పుట్టలు, ఎలుకలు

తమిళనాడు ఉత్తరపు అంచున ఆంధ్రప్రదేశ్‌ను ఆనుకుని ఉన్న తిరువళ్ళూరు జిల్లా ఈ విషయానికి రెండు విధాల తగిన నేల. ఈ జిల్లాలోని తిరుత్తణి ప్రాంతం 1960 ఏప్రిల్ 1న సరిహద్దుల సవరణ అమలయ్యే వరకు చిత్తూరు జిల్లాలో భాగం. తిరుత్తణి, పళ్ళిపట్టు, ఊత్తుకోట పరిసరాల్లో తెలుగు ఇప్పటికీ ఇంటి భాషగా వినిపిస్తుంది. తిరుత్తణి కొండ మీది సుబ్రహ్మణ్యస్వామిని తమిళులు వేలాయుధం ధరించిన మురుగన్‌గా కొలిస్తే, తెలుగువారి భావనలో సుబ్రహ్మణ్యుడికి సర్పరూపం విడదీయరానిది. నాగుల చవితికి పుట్టలో పాలు పోయడం, సుబ్రహ్మణ్య షష్ఠికి నాగప్రతిమలను అభిషేకించడం ఆ భావన నుంచి వచ్చినవే. ఇదే జిల్లాలోని తిరువేర్కాడు కరుమారి అమ్మవారి ఆలయంలోనూ పుట్ట పూజలందుకుంటుంది, అక్కడికి పాలూ గుడ్లూ చేరుతుంటాయి. ఆహారశాస్త్రం దృష్టితో చూస్తే ఈ నైవేద్యాల్లో గుడ్డుకు కొంత అర్థం ఉంది, ఎందుకంటే నాగుపాము పక్షుల గుడ్లను అప్పుడప్పుడు మింగుతుంది. పాలకు ఏ అర్థమూ లేదు. పాము క్షీరదం కాదు, పాలు దాని ఆహారం కావు. నీళ్ళు లేక దప్పికతో అలమటించే పాము ఎదుట ఏ ద్రవం ఉన్నా తాగవచ్చు, పాములవాళ్ళ బుట్టలో రోజుల తరబడి ఎండిన నాగుపాము పాలగిన్నెలో మూతి పెట్టడానికి కారణం అదే. పాముకు పాలు పోసి పెంచినట్లు అన్న మాటను మొదట అన్నవారు పామును పెంచి చూడలేదని నిస్సంకోచంగా చెప్పవచ్చు. దానికి భిన్నంగా, కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్న సామెత పొలం గట్టున కళ్ళారా చూసినవారిది. దానిలో పాము నోట ఉన్నది కప్పే.

రెండవ కారణం ఈ జిల్లాలో నివసించే ఇరుళర్లు, సరిహద్దుకు ఇవతల తిరుపతి, నెల్లూరు జిల్లాల్లో ఎక్కువగా ఉండి అవతలికీ వ్యాపించిన యానాదులు. ఈ రెండు జనజాతులకూ వరిపొలాల్లో ఎలుకలు పట్టడం తరతరాల వృత్తి. అడుగున చిన్న రంధ్రం చేసిన మట్టికుండలో గడ్డి, ఆకులు కుక్కి నిప్పు పెట్టి, కుండ మూతిని కలుగు నోటికి ఆనించి, చుట్టూ బురద మెత్తి, అడుగు రంధ్రం నుంచి నోటితో ఊదితే పొగ కలుగంతా నిండుతుంది. అంతకు ముందే మిగిలిన దారులన్నీ మట్టితో మూసి ఉంచుతారు కనుక ఎలుకలు ఊపిరాడక లోపలే సొమ్మసిల్లుతాయి. తవ్వినప్పుడు ఎలుకలతోపాటు అవి దాచుకున్న వడ్లు కూడా దక్కుతాయి, కొన్ని కలుగుల్లో ఎలుకలకు బదులు వాటిని తిని పడుకున్న పాము దొరుకుతుంది. ఏ కలుగులో ఏది ఉందో తవ్వకముందే చెప్పగల నేర్పు ఇక్కడ పుట్టింది: కలుగు నోటి దగ్గర మట్టి నునుపు, ఇసుక మీద పొట్ట పొలుసుల జాడ, రాలిన కుబుసం ముక్క, రెట్టలో కనిపించే ఎలుక బొచ్చు, వీటన్నిటినీ కలిపి చదివి, ఏ పాము ఏమి తింటుందో తెలిసి, ఆ తిండి ఉన్న చోటే దాన్ని వెదకడం ఈ విద్యలోని కీలకం. ఆహార మార్పిడికి మొదటి పాఠమూ ఇదే: ఏ పాముకైనా ఆహారం మార్చాలనుకునేవారు ముందుగా అది ఏ తిండి దగ్గర దొరికిందో తెలుసుకోవాలి.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1976లో పాము చర్మాల ఎగుమతి మీద వచ్చిన నిషేధం చర్మాల వ్యాపారాన్ని ఆపివేసినప్పుడు దాని మీద ఆధారపడిన ఇరుళర్ల బతుకు దెబ్బతిన్నది. అప్పటికే గిండీలో పాముల ఉద్యానాన్ని నెలకొల్పిన రోములస్ విటేకర్ చొరవతో 1978లో ఇరుళర్ల పాములు పట్టేవారి పారిశ్రామిక సహకార సంఘం ఏర్పడింది. మద్రాసుకు దక్షిణాన వడనెమ్మేలిలో, మొసళ్ళ సంరక్షణ కేంద్రం ఆవరణలో పనిచేసే ఈ సంఘానికి ఇరుళర్లు నాలుగు రకాల పాములను తెచ్చి ఇస్తారు. అవి నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. తమిళంలో వరుసగా నల్ల పాంబు, కట్టు విరియన్, కణ్ణాడి విరియన్, సురుట్టై విరియన్. సంఘంలో ప్రతి పామును మట్టికుండలో సుమారు మూడు, నాలుగు వారాలు ఉంచి, వారానికొకసారి విషం తీసి, మళ్ళీ వెంటనే పట్టుకోకుండా గుర్తుగా పొట్ట పొలుసు కొస కత్తిరించి అడవిలో వదులుతారు. ఇంత స్వల్పకాలానికి పాముకు కొత్త ఆహారం అలవాటు చేయవలసిన అవసరం రాదు, ఆ విధంగా చూస్తే ఆహార మార్పిడి సమస్యను పూర్తిగా తప్పించుకున్న ఏర్పాటు ఇది. ఈ సంప్రదాయానికి చెందిన మాసి సడయన్, వడివేల్ గోపాల్ 2017లో అమెరికాలోని ఫ్లోరిడాకు వెళ్ళి అక్కడ బెడదగా మారిన బర్మా కొండచిలువలను పట్టడంలో సాయపడ్డారు. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ లభించింది.

అయితే విషం సేకరణలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు అడవి నుంచి తెచ్చి తిరిగి వదిలే పద్ధతి కంటే, పాములను సర్పశాలలో దీర్ఘకాలం ఉంచి, ప్రతి పాము ఆరోగ్యాన్నీ విషం నాణ్యతనూ నమోదు చేసే పద్ధతినే మేలైనదిగా ఎంచుతాయి. భారతదేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటు వల్ల ఏటా సగటున సుమారు 58,000 మంది మరణించారని 2020లో వెలువడిన అంచనా. ఆ మరణాలను తగ్గించే విరుగుడు మందుకు మూలసరుకు విషం, విషానికి మూలం ఆరోగ్యంగా తిని బతికే పాము. ఎక్కువగా పాములను తినే కట్లపాము సర్పశాలలో ఏళ్ళ తరబడి బతకాలంటే అది ఎలుక తినడం నేర్చుకోవాలి. అభిరుచిగా కనిపించే ఈ విషయం ప్రజారోగ్యానికి సంబంధించినదయ్యేది ఇక్కడే.

పాము ఎరను గుర్తించే తీరు

పాము నాలుక రుచి చూసే అవయవం కాదు. బయటికి చాచి ఆడించినప్పుడు గాలిలో, నేల మీద ఉన్న సూక్ష్మమైన వాసన కణాలు దాని చీలిన కొసలకు అంటుకుంటాయి; నాలుక లోపలికి ముడుచుకోగానే అవి అంగిట్లోని రెండు రంధ్రాల ద్వారా జాకబ్‌సన్ అవయవం అనే ప్రత్యేక గ్రాహకానికి చేరుతాయి. నాలుక రెండుగా చీలి ఉండటం వల్ల కుడి ఎడమల వాసన బలాల్లో తేడా తెలిసి పాము ఎర వెళ్ళిన దారిని పట్టుకోగలుగుతుందని 1994లో కర్ట్ ష్వెంక్ వివరించాడు. కొండచిలువలకు, గుంటపింజరలకు దీనికి తోడు ముఖం మీద వేడిని పసిగట్టే గుంటలు ఉంటాయి కనుక వాటికి ఎర వెచ్చగా ఉండటం కూడా ఒక ఆనవాలు. చూపు, కదలిక పసరికపాము వంటి పగటి వేటగాళ్ళకు ముఖ్యం. కాని చాలా జాతుల్లో చివరి తీర్పు వాసనదే: దూరం నుంచి కదలికను చూసి దగ్గరికి వచ్చిన పాము కూడా నాలుక ఆడించి, వాసన నచ్చకపోతే వెనుదిరుగుతుంది.

ఈ వాసన ఇష్టం పుట్టుకతో వస్తుందా, అనుభవంతో వస్తుందా అన్న ప్రశ్నకు అమెరికాలో జరిగిన పరిశోధనలు స్పష్టమైన జవాబు ఇచ్చాయి. ఇంకా ఏమీ తినని గార్టర్ పాముల పిల్లల ముందు వివిధ జంతువుల చర్మం నుంచి తీసిన సారంలో ముంచిన దూదిని ఉంచితే, అవి తమ జాతి సహజంగా తినే జంతువుల సారానికే ఎక్కువసార్లు నాలుక చాచి దాడి చేస్తాయని గోర్డన్ బర్‌ఘార్ట్ 1967లో చూపించాడు. ఆ తరువాత స్టీవన్ ఆర్నల్డ్ కాలిఫోర్నియాలో ఒకే జాతికి చెందిన గార్టర్ పాముల రెండు సమూహాలను పోల్చాడు. తేమగా ఉండే సముద్రతీరంలోని పాములు గుల్లలేని నత్తలను తింటాయి. లోతట్టు ప్రాంతపు పాములు చేపలు, కప్పలు తిని, నత్తను ముట్టవు. ఆశ్చర్యమేమంటే పుట్టిన పిల్లల్లోనే, తల్లిదగ్గర ఏదీ నేర్చుకోకముందే, ఈ తేడా కనిపించింది, అది తరం నుంచి తరానికి సంక్రమించేదని 1977, 1981లలో ఆయన ప్రకటించిన పరిశోధనలు తేల్చాయి. నత్తను అంగీకరించే పాము జలగను కూడా అంగీకరిస్తుంది. జలగలున్న లోతట్టు చెరువుల్లో ఆ అలవాటు ప్రమాదకరం కనుక అక్కడ నత్తను తిరస్కరించే గుణమే నిలిచిందని ఆర్నల్డ్ ఊహించాడు. అంటే ఒక పాము ఒక ఆహారాన్ని తిరస్కరించడం వెనుక వేల తరాల చరిత్ర ఉండవచ్చు. అయినా ఆ ఇష్టం రాతిమీద గీత కాదు: అనుభవం దాన్ని కొంత వంచుతుంది, ఒకే రకం ఆహారం పదేపదే తిన్న పిల్లల్లో దాని వాసన మీద మొగ్గు పెరుగుతుంది. ఆహార మార్పిడి మొత్తం ఈ కొంత వంపు మీదే ఆధారపడి నడుస్తుంది.

సహజంగానే వయసుతో ఆహారం మారే జాతులు పెంచేవారికి సగం పని తప్పిస్తాయి. రక్తపింజర పిల్లలు బల్లులను, నలికిరులను పట్టి, పెద్దయ్యాక ఎలుకలకు మారుతాయి. జెర్రిపోతు పిల్లలు చిన్న కప్పలతో మొదలై ఎలుకలకు చేరతాయి. పశ్చిమ ఆఫ్రికాకు చెందిన బంతి కొండచిలువల్లో చిన్న మగవి చెట్లెక్కి పక్షులను, పెద్దవి నేలమీద ఎలుకజాతి జీవులను ఎక్కువగా తింటాయని నైజీరియాలో జరిగిన పరిశీలనలు చెబుతున్నాయి. బంధనంలో ఎలుకను తిరస్కరించిన బంతి కొండచిలువ కొన్నిసార్లు కోడిపిల్లను ఆత్రంగా పట్టడం ఈ నేపథ్యంలో వింత కాదు.

తినకపోవడానికి కారణాలు

ఆహారం మార్చడానికి ముందు, పాము నిజంగా ఆ ఆహారాన్నే తిరస్కరిస్తున్నదా అని తేల్చుకోవాలి. కుబుసం విడిచే ముందు కళ్ళు పాలరంగుకు తిరిగి చూపు మందగించిన పాము ఏదీ తినదు. చలికాలంలో, జతకట్టే కాలంలో, గర్భంతో ఉన్నప్పుడు ఉపవాసం సహజం. పాము తన శరీరపు వేడిని తానుగా పుట్టించుకోలేదు. పంజరం చల్లగా ఉంటే మింగినది జీర్ణం కాక లోపల కుళ్ళుతుంది కనుక చల్లబడ్డ పాము తినకపోవడమే దానికి మేలు. దాక్కునే చోటు లేకపోవడం, రోజూ చేతుల్లోకి తీసుకోవడం, నోటిలో పుండు, పేగుల్లో పురుగులు, వీటిలో ఏది ఉన్నా ఎన్ని రకాల ఎరలు మార్చినా ఫలితం ఉండదు. అనుభవం లేని పెంపకందారులు రోజుకొక ఎలుకను చూపించి పామును మరింత బెదరగొట్టడం సర్వసాధారణం.

పాము ఉపవాసం మనిషి ఉపవాసం వంటిది కాదన్న విషయం ఇక్కడ గుర్తుంచుకోవాలి. ఆహారం లేనప్పుడు బర్మా కొండచిలువ తన జీర్ణవ్యవస్థను దాదాపు మూసివేస్తుంది. పెద్ద ఎరను మింగిన ఒకటి, రెండు రోజుల్లో చిన్నపేగు బరువు రెట్టింపవుతుంది, గుండె కండరం కూడా 40 శాతం వరకు పెరుగుతుంది. స్టీఫెన్ సీకర్, జారెడ్ డైమండ్ 1990లలో మొదలుపెట్టిన ఈ పరిశోధనలు పాము నెలల తరబడి తినకుండా ఎలా ఉండగలుగుతుందో తెలియజేశాయి. కనుక పెద్దపాము రెండు నెలలు తినలేదని కంగారు పడనక్కరలేదు; వారానికొకసారి తూకం వేసి, బరువు తగ్గుతున్నదా లేదా అన్నదే చూడాలి. పుట్టిన కొద్ది వారాల పాముపిల్ల సంగతి వేరు, దానిలో నిల్వ తక్కువ.

మార్చే పద్ధతులు

పద్ధతులన్నిటిలో ముఖ్యమైనది వాసన పూయడం. దీనిలో పాము అంగీకరించే పాత ఎర వాసనను అంగీకరించని కొత్త ఎర మీదికి ఎక్కిస్తారు. ఎలుకపిల్లను సబ్బు లేకుండా గోరువెచ్చని నీటితో కడిగి తుడిచి దాని సొంత వాసనను తగ్గిస్తారు. ఆ తరువాత బల్లి తినే పాము కోసమైతే బల్లి శరీరంతోనో, తెగిన బల్లి తోకతోనో, కప్ప తినే పాము కోసమైతే కప్ప తడిచర్మంతోనో దాన్ని రుద్దుతారు. ముఖ్యంగా ముట్టె, తల భాగాలను బాగా రుద్దాలి, ఎందుకంటే పాము సాధారణంగా ఎరను తలవైపు నుంచే మింగుతుంది, దాని చివరి నాలుక పరీక్ష అక్కడే జరుగుతుంది. ఈ పని పూర్తయ్యాక ఎరను పొడవైన పటకారుతో పట్టి, దాక్కున్న పాము ముఖానికి కాస్త ఎడంగా నేలమీద ఉంచి, చూసేవారు కనుమరుగవుతారు. మునిమాపు వేళ, చీకటి పడిన గదిలో, బల్లి వాసన వేసే ఆ ఎలుకపిల్ల దగ్గరకు పాము వస్తుంది. నాలుక మొదట మందంగా, తరువాత వేగంగా ఆడుతుంది, మెడ కొద్దిగా వంకర తిరుగుతుంది. అప్పుడు కదిలినవాడు ఆ రాత్రి శ్రమనంతా పోగొట్టుకుంటాడు.

మొదటిసారి తిన్న పాము మారిపోయినట్లు కాదు. తరువాతి రెండు, మూడు విడతల్లోనూ ఇదే విధంగా పూసిన ఎరను ఇచ్చి, అటుపై పూత శరీరం మొత్తానికి కాక తలకు మాత్రమే, ఆ తరువాత ముట్టె కొసకు మాత్రమే, చివరికి ఏ పూతా లేకుండా ఇస్తారు. ఏ మెట్టు దగ్గర పాము వెనకాడితే ముందటి మెట్టుకు దిగి రావాలి. ఈ దిగడాన్ని ఓటమిగా భావించి తొందరపడేవారి దగ్గరే పాములు చిక్కిపోతాయి. అమెరికాలో గోదురుకప్పలు తినే ముట్టెపాములను, బల్లులు తప్ప మరొకటి ఎరుగని కొన్ని పాముల పిల్లలను ఎలుకపిల్లలకు మార్చడంలో ఈ పద్ధతి దశాబ్దాలుగా నడుస్తున్నది. పూతకు బల్లి, కప్ప వంటివి ప్రతిసారీ తాజాగా దొరకవు కనుక కప్పచర్మపు సారాన్ని, చేపనీటిని గడ్డకట్టించి నిల్వ చేసుకునేవారూ ఉన్నారు.

గొలుసు పద్ధతిలో వాసనకు బదులు వరుస ఉపయోగపడుతుంది. పాము ఇష్టమైన చిన్న ఎరను మింగుతుండగా, అది నోరు మూసేలోపు దాని వెనుక భాగానికి ఆనించి కొత్త ఎరను అందిస్తారు. మింగే ఊపులో ఉన్న పాము రెండవదాన్నీ అదే ముద్దగా భావించి లోపలికి తీసుకుంటుంది. చేపలు తినే నీరుకట్టెపాములకు చేపముక్కతో కలిపి ఎలుక మాంసపు ముక్క ఇవ్వడం దీనిలోని సులువైన రూపం. చేపల మీదనే ఎక్కువకాలం ఉంచినా ఒక చిక్కు ఉంది: కొన్ని రకాల చేపల కండలో ఉండే థయమినేజ్ అనే పదార్థం విటమిన్ బి1ను నాశనం చేస్తుంది, దానితో పాము తల అదుపు తప్పి వణకడం, తిరగబడటం వంటి నరాల జబ్బు వస్తుంది. ఇటువంటి కారణాల వల్లనే అన్ని పోషకాలూ కలిగి, ఒకే నాణ్యతతో దొరికే పెంపకపు ఎలుక పాముల ఆహారంలో ప్రమాణంగా నిలిచింది.

కొత్త ఎర బతికి ఉండాలా అన్నదాని మీద వాదన చాలాకాలం నడిచి దాదాపు ముగిసింది. ప్రాణంతో ఉన్న ఎలుకను పంజరంలో వదిలితే ఆకలి లేని పామును అదే కొరికి గాయపరుస్తుంది, పాము చావడం కూడా ఉంది. అందుచేత మానవీయంగా చంపి గడ్డకట్టించిన ఎలుకను కరిగించి, గోరువెచ్చని నీటిలో ఉంచి క్షీరదపు ఒంటి వేడికి తెచ్చి, పైన ఆరబెట్టి ఇవ్వడం మేలు. వేడి గుంటలున్న కొండచిలువలకు ఈ వెచ్చదనమే వాసనతో సమానమైన ఆకర్షణ. కదలికను కోరే పాము ముందు ఎరను పటకారుతో మెల్లగా ఆడించాలి గాని ముఖానికి పొడవకూడదు. పింజరజాతి పాములు కాటు వేసి ఎలుకను వదిలి, అది విషంతో పడిపోయిన తరువాత వాసన పట్టుకుని వెదికి తింటాయి. అవి వదిలేసినప్పుడు తిరస్కరించినట్లు పొరబడి ఎరను తీసివేయడం తొలిరోజుల్లో చాలామంది చేసే తప్పు.

పొలంలో పట్టిన ఎలుకను నేరుగా పాముకు ఇవ్వడం తిరువళ్ళూరు వంటి చోట సులువుగా తోచినా, ప్రమాదకరం. జింక్ ఫాస్ఫైడ్, బ్రోమాడియోలోన్ వంటి ఎలుకల మందులు తిన్న ఎలుక ఒంట్లోని విషం పాముకూ చేరవచ్చు, అడవి కప్పలు, బల్లులు పేగు పురుగులను మోసుకొస్తాయి. వాసన పూతకు వాడే కప్పను కూడా గడ్డకట్టించి ఉంచడం ఈ భయాన్ని తగ్గిస్తుంది.

నోరు తెరిచి బలవంతంగా తినిపించడం ఆహార మార్పిడి కాదు. అది బతికించడానికి పశువైద్యుడు చేసే చివరి ప్రయత్నం. అలా మింగించిన పాము భయంతో కక్కివేయడం సాధారణం. కక్కిన పాము గొంతు ఆమ్లంతో పుండు పడుతుంది కనుక దానికి రెండు వారాల వరకు మళ్ళీ ఏమీ పెట్టకూడదు.

గిరినాగు, కట్లపాము

గిరినాగు శాస్త్రీయనామంలోని ప్రజాతి పదం ఓఫియోఫాగస్‌కు పాములను తినేదని అర్థం. తూర్పు కనుమల్లో, ముఖ్యంగా విశాఖ మన్యంలో కనిపించే ఈ పాము ఆహారంలో జెర్రిపోతులు ప్రధానం. ప్రదర్శనశాలలో ఒక గిరినాగును పాములతోనే పోషించాలంటే అడవి నుంచి ఇతర పాములను నిరంతరం తేవాలి. ఆ పాములకూ చట్టరక్షణ ఉన్నది కనుక ఈ మార్గం న్యాయంగా చూసినా, సంరక్షణ దృష్టితో చూసినా నిలవదు. దానికి అనుసరించే ఉపాయం వాసన పూతే: ఎలుకను చనిపోయిన పాము శరీరంతో, కుబుసంతో రుద్ది, కొన్నిచోట్ల పాము చర్మపు తొడుగులో దూర్చి అందిస్తారు. పెద్దవైన తరువాత మారడం కష్టం. చిన్నప్పుడే మొదలుపెట్టినవి తేలికగా మారతాయి.

కట్లపాము విషయంలో కొంత వెసులుబాటు ఉంది. దాని ఆహారంలో పాములకు, గుడ్డిపాములకు, తన జాతి పిల్లలకు సైతం చోటున్నా, అది ఎలుకలను, బల్లులను, కప్పలను కూడా తింటుంది. చీకట్లో మాత్రమే తిరిగే జీవి కనుక దానికి ఎరను రాత్రి ఉంచి, తెల్లవారాక చూడాలి. విషం కోసం పట్టే నాలుగు పాముల్లో నాగుపాము సర్వభక్షి. ఎలుక, కప్ప, గుడ్డు ఏది ఇచ్చినా తీసుకునే ఈ పాము పట్టిన కొద్ది రోజులకే బంధనంలో తినడం మొదలుపెట్టడం మామూలే. చిన్నపింజర తేళ్ళను, జెర్రులను కూడా తినేది కావడం వల్ల ఎలుకపిల్లకు మారడానికి కొంత సమయం పట్టవచ్చు.

మారని పాములు కూడా ఉన్నాయి. భారతీయ గుడ్డుతినే పాముకూ, ఆఫ్రికాలోని దాని సాటి పాములకూ మెడలోని వెన్నుపూసల ముల్లులు గుడ్డు పెంకును చీల్చడానికి లోపలికి పొడుచుకుని ఉంటాయి, పళ్ళు మాత్రం నామమాత్రం. వాటి శరీరమే గుడ్డుకు తప్ప మరొకదానికి పనికిరాదు. చీమల, చెదల గుడ్లు తినే గుడ్డిపాములను, పులికాటు వంటి ఉప్పునీటి సరస్సుల్లో చేపల మీద బతికే నీటిపాములను ఎలుకకు మళ్ళించాలనుకోవడం వృథా ప్రయాస.

చట్టం, పెంపకం

వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జెర్రిపోతు, నీరుకట్టె, నాగుపాము, కొండచిలువ వంటి స్వదేశీ పాములను పట్టడం, ఉంచుకోవడం, అమ్మడం నేరం. రెండుతలల పాముగా పిలిచే ఇసుకపామును అదృష్టం పేరుతో లక్షల రూపాయలకు అమ్ముతామనే మోసాలు తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ రెండింటిలోనూ తరచుగా పట్టుబడుతున్నాయి. అలా దొరికిన పాముల్లో ఆకలితో చిక్కినవీ ఉంటాయి. విదేశీ జాతుల విషయంలో 2022లో సవరించిన చట్టం 2023 ఏప్రిల్ నుంచి అమలైంది, దాని కింద 2024లో వచ్చిన నియమాలు వన్యప్రాణుల వ్యాపారం మీద ఉన్న అంతర్జాతీయ ఒప్పందంలోని జాబితా జీవులను ఉంచుకునేవారు వాటిని ప్రభుత్వం వద్ద నమోదు చేసుకోవాలని విధించాయి. బంతి కొండచిలువ ఆ జాబితాలో ఉంది. విదేశీ పాముల దొంగరవాణా చెన్నై విమానాశ్రయం మీదుగా కూడా సాగుతున్నది: 2023 ఏప్రిల్‌లో కౌలాలంపూర్ నుంచి దిగిన ఒక ప్రయాణికురాలి సామానులో 22 పాములు దొరికాయి. పెట్టెలో ముడిచి, దారి పొడవునా తిండీ నీరూ లేకుండా వచ్చిన పాము కొత్త ఇంట్లో తినకపోతే దాన్ని మొండితనమని పిలవడం అన్యాయం.

తిరువళ్ళూరు, తిరుత్తణి గ్రామాల్లో ఇంట్లోకో పశువుల కొట్టంలోకో వచ్చిన పాముకు ఎవరూ ఏదీ తినిపించవలసిన పని లేదు. అది ఎలుక వెంటో, కప్ప వెంటో వచ్చి ఉంటుంది, రోజుల తరబడి ఆకలిని ఓర్చుకోగలదు. పాలు, గుడ్లు, మాంసపు ముక్కలు దాని ముందు పెట్టకుండా, దూరంగా ఉండి, కంటితో కనిపెడుతూ, అటవీ శాఖకో, అగ్నిమాపక రక్షణ సిబ్బందికో కబురు చేస్తే చాలు.